ఎడమకాలు మాత్రమే

కేతేపల్లి,
12 జూన్ 2022.

అక్కా,

ఉత్తరం చూసి భయపడకు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నాయన "రిజిస్టరా, స్పీడా?" అన్నాడు. మామూలుదే అంటే నా ముఖం ఒకసారి చూసి ఇచ్చాడు. ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను. మా ఇల్లు నీకు తెలుసు. ఈ మూల గుసగుసలాడితే ఆ మూలకు వినిపిస్తుంది. నువ్వు ఫోన్ చేసి "బాగున్నవా శైలూ" అంటావు. అత్త పక్కనే కూర్చుని ఉంటుంది. "బాగున్న" అంటాను. ఆరేళ్ళ నుంచి ఆ మాట అబద్ధమే.

పొత్తికడుపు నొప్పి తగ్గడం లేదు. హన్సిక పుట్టిన తర్వాత మొదలైందని నీకు తెలుసు కదా. అప్పుడు నెలకు నాలుగు రోజులు వచ్చేది, ఇప్పుడు రోజూ వస్తోంది. పొద్దున లేచినప్పుడు ఉండదు. గొర్ల దొడ్డి ఊడ్చి, గొర్రెపిల్లలకు ఆకు వేసి, పత్తి గింజలు పెట్టడానికి పోయి వచ్చేసరికి కడుపు అడుగున ఎవరో రాయి వేలాడదీసినట్టు గుంజుతుంది. ఎడమవైపు ఎక్కువ. సాయంత్రానికి ఎడమకాలు కూడా ఉబ్బి బరువెక్కుతుంది. కాళ్ళు గోడకు ఎత్తిపెట్టి పడుకుంటే కొంచెం నయం. కానీ పడుకుంటే అత్త ఊరుకుంటుందా? "ఊళ్ళె బోదకాలున్నోళ్ళు ఎంతమంది లేరు? అందరు గిట్లనే పండుకుంటున్నరా?" అంటుంది.

ఇంకో సంగతి. నీకు కాక ఎవరికి చెప్పను? ఆయన దగ్గరికి వస్తే నాకు భయం. ఆ తర్వాత రెండు రోజులు నొప్పితో నిలబడలేను. శివకృష్ణ మంచివాడే, ఒక్క మాట అనడు. కానీ మంద తోలుకుని పోయినవాడు ఇప్పుడు నెల గడిచినా ఇంటిముఖం పట్టడం లేదు.

మొన్న వచ్చినప్పుడు టౌన్‌లో ఒక నర్సింగ్ హోంకు తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ స్కానింగ్ చూసి, "గర్భసంచి వాచింది. ఉంచుకుంటే రేపు ఏ క్యాన్సరో కావచ్చు. ఒక బిడ్డ ఉందిగా, తీసేద్దాం" అంది. కాలు చూపించబోతే "అది బోదకాలమ్మా, నా కేసు కాదు" అంది. జూలై నాలుగుకు తారీకు కూడా పెట్టింది.

నాకు ముప్పై ఏళ్ళు అక్కా. తీయించుకోమంటావా? నువ్వు ఈ పనిలోనే ఉన్నావు. నువ్వు ఎట్లా చెబితే అట్లా చేస్తాను.

నీ చెల్లె
శైలజ


మహబూబ్‌నగర్,
20 జూన్ 2022.

శైలూ,

ఉత్తరం అందింది. వారం రోజులుగా ఇంటింటికీ టీకాల సర్వే, ఊపిరాడలేదు. అందుకే ఆలస్యం. ఇంత నొప్పి పడుతూ నాకు చెప్పకుండా ఎట్లా ఉన్నావే? ఫోనులో నీ గొంతు వింటే అంతా సుఖమే అనుకున్నాను.

నువ్వు అడిగావు కాబట్టి సూటిగా చెబుతున్నాను. పధ్నాలుగేళ్ళ నుంచి ఏఎన్ఎంగా ఊళ్ళు తిరుగుతున్నాను. నీ వయసు ఆడవాళ్ళు గర్భసంచి తీయించుకోని ఊరు నేను చూడలేదు. నలభై ఏళ్ళు రాకముందు తీయడం మంచిది కాదని మాకు ట్రైనింగులో చెబుతారు. నిజమే. కానీ రోజూ నొప్పితో చస్తూ బతకడం మాత్రం మంచిదా? స్కానింగులో వాపు ఉందన్నారు. ఒక్కతి చాలు, హన్సికను మంచిగా చదివించుకో. తీయించుకో.

కాలి సంగతి వేరు, కడుపు సంగతి వేరు. రెండూ కలిపి గాబరా పడకు. బోదకాలు మాత్రలు మానొద్దు. పాదం సబ్బుతో కడిగి పొడి బట్టతో తుడుచుకో. మూసీ ఒడ్డు ఊళ్ళలో ఈ జబ్బు మన తాతల నాటి నుంచి ఉన్నదే. ప్రాణం తీసే జబ్బు కాదు.

ఆపరేషన్ నాటికి రావాలని ఉంది. లీవు దొరకడం కష్టం. మీ బావ ఫోన్ చేస్తాడు. ఆపరేషన్ అయ్యాక నెల రోజులు మంచం దిగకు. బరువు ఎత్తకు. బక్కమ్మ అత్తకు నేను చెప్పానని చెప్పు.

నీ అక్క
నాగరాణి


కేతేపల్లి,
14 జూలై 2022.

అక్కా,

అయిపోయింది. నువ్వు చెప్పినట్టే మంచం దిగడం లేదు. కుట్లు ఆరుతున్నాయి. అత్త కూడా బాగానే చూస్తోంది, జావ కాచి ఇస్తోంది. హన్సిక బడి నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుని ఎక్కాలు అప్పజెబుతుంది.

ఒక్కటే అర్థం కావడం లేదు. గర్భసంచి తీసేశారు కదా, అదే జాగాలో అదే నొప్పి ఎందుకుంది? డాక్టరమ్మను అడిగితే "లోపల పుండు మానాలి కదా" అంది. ఇంకొకటి, నిన్నటి నుంచి ఎడమకాలు తొడ దాకా ఉబ్బింది. ముట్టుకుంటే వేడిగా ఉంది, రంగు కూడా కమిలినట్టు మారింది. ఎప్పుడూ మోకాలు దాటేది కాదు. అత్త పసుపు, వేపాకు నూరి పట్టు వేసింది. బోదకాలు ముదిరితే ఇట్లా తొడకు ఎక్కుతుందా?

వెంటనే రాయి.

శైలజ


మహబూబ్‌నగర్,
19 జూలై 2022.

శైలూ,

బోదకాలుకు ఒక్కోసారి అట్లా పోటు వస్తుంది. చలిజ్వరం లేకపోతే భయం లేదు. దిండు పెట్టి కాలు ఎత్తులో ఉంచుకో. లేవకు. ఆ మాత్రలే ఇంకో కోర్సు వాడు. ఫికర్ చేయకు. ఆదివారం ఫోన్ చేస్తాను.

నాగరాణి


కేతేపల్లి,
30 ఆగస్టు 2022.

అక్కా,

ఫికర్ చేయకు అని నువ్వు రాసిన ఉత్తరం ఇంటికి వచ్చిన రోజు నేను నల్గొండ పెద్ద దవాఖానలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ఉన్నాను. ఆ తర్వాత నువ్వు హైదరాబాద్ వచ్చి ఐసీయూ అద్దం బయట నిలబడ్డావు. కాలిలో రక్తం గడ్డకట్టిందని మాత్రం ఆయన నీకు చెప్పాడు. మిగతాది నేను చెప్పొద్దన్నాను. నా అంతట నేనే రాయాలనుకున్నాను. ఇప్పుడు కూర్చోగలుగుతున్నాను కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజు స్నానానికని లేచాను. రెండడుగులు వేసేసరికి ఊపిరి అందలేదు. రొమ్ములో సూది దిగినట్టయింది. అత్త అరిచిన అరుపుకు పక్కింటివాళ్ళు వచ్చి ఆటోలో వేశారు. శివకృష్ణ మంద దగ్గరి నుంచి నేరుగా దవాఖానకు వచ్చాడు. ఒంటి మీద గొంగడి కూడా తీయలేదు.

నల్గొండలో ఒక చిన్న డాక్టరమ్మ ఉంది. మన హన్సిక టీచరు కంటే చిన్నగా కనిపిస్తుంది. నా కాలు చూసి, పాదం మీద తోలు వేళ్ళతో పట్టి లాగి చూసింది.

"బోదకాలని ఎవరు చెప్పిన్రు నీకు?"

"మా అక్క. ఆమె సిస్టరే."

"బోదకాలైతే పాదం మీద తోలు మందమైతది, గరుకైతది. ఆరేండ్లయినా నీ తోలు పసిపిల్ల తోలు లెక్కుంది. పొత్తికడుపు మీద ఈ నీలినరాలు ఎప్పటి సంది తేలినయ్?"

నాకు తెలియదు అక్కా. నా కడుపు నేనే ఎప్పుడూ సరిగ్గా చూసుకోలేదు.

కాలికి స్కానింగ్ చేసి, గడ్డ గజ్జల దాకా ఉందని, దాని ముక్క ఊపిరితిత్తులకు పోయిందని చెప్పింది. వెంటనే రక్తం పలచబడే సూదులు మొదలుపెట్టి హైదరాబాద్ పంపింది. అక్కడ రంగుమందు ఎక్కించి కడుపులోని నరాలను స్కాన్ తీశారు. అప్పుడు బయటపడింది. కుడికాలికి రక్తం తీసుకుపోయే పెద్ద ధమని, ఎడమకాలి నుంచి పైకి వచ్చే సిర మీదుగా దాటుతుందట. అందరికీ అట్లాగే ఉంటుందట. కొందరిలో మాత్రం ముందు ధమని, వెనక వెన్నెముక, మధ్యలో సిర నలిగిపోతుందట. అక్కడి పెద్ద డాక్టరు నా చేతికున్న సెలైన్ గొట్టాన్ని మంచం ఇనుప పట్టీకి ఆనించి, బొటనవేలితో నొక్కి చూపించాడు. పైన చుక్క ఆగిపోయింది. "నీ తుంటిల ఇదే జరుగుతాందమ్మా. పుట్టినప్పటి సంది ఉండొచ్చు. కాన్పుతోటి ఎక్కువైంది. ఆపరేషనై మంచం పట్టినంక మొత్తం మూసుకపోయింది" అన్నాడు.

మోకాలి వెనక నుంచి సన్న గొట్టం ఎక్కించి, ఒకటిన్నర రోజు గడ్డ కరిగే మందు చుక్క చుక్కగా వదిలారు. కదలకూడదు. తర్వాత నలిగిన చోట బుడగతో వెడల్పు చేసి, స్టెంట్ పెట్టారు. అది మెత్తని ఇనుప జాలి గొట్టం. ఇక చాలా కాలం మాత్రలు వేసుకోవాలి, రక్తం ఎంత పలచబడిందో పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. కాలికి తొడ దాకా బిగుతు మేజోడు. గడ్డ వల్ల లోపలి కవాటాలు కొన్ని పాడయ్యాయట. కాలు మునుపటిలా కాదు, సాయంత్రం పూట ఎంతో కొంత ఉబ్బుతూనే ఉంటుందన్నారు.

స్టెంట్ పెట్టిన నాలుగో రోజు నర్సు నన్ను నిలబెట్టింది. నిలబడి ఏదో తక్కువైనట్టు అనిపించింది. ఏమిటా అని చూసుకుంటే పొత్తికడుపు నొప్పి లేదు. ఆరేళ్ళలో మొదటిసారి. డాక్టరును అడిగాను, ఆ నొప్పి కూడా దీనిదేనా అని. "దారి మూసుకపోతే రక్తం ఎటు పోతది? పొత్తికడుపు నరాల్లనే నిలుస్తది. దాని నొప్పే అయ్యుంటది" అన్నాడు. అంటే గర్భసంచి? ఆయన నా కేసు కాగితాలు మళ్ళీ తిప్పి చూశాడు. వాటిని మంచం చివర తగిలించాడు. మళ్ళీ అడగడానికి నాకూ ధైర్యం చాలలేదు. ఆయన పోయాక దుప్పటి అంచు నోట్లో కుక్కుకున్నాను, పక్క మంచం వాళ్ళకు వినబడకూడదని.

నువ్వు కాలి సంగతి వేరు, కడుపు సంగతి వేరు అని రాశావు. రెండూ ఒకటే అక్కా.

చిన్న డాక్టరమ్మ ఒకటి అడిగింది. "ఆరేండ్ల కింద నీ రక్తం తీసి పరీక్ష చేసిన్రా? బోదకాలు పురుగు దొరికిందన్నరా?" అని. నువ్వు వచ్చి నా వేలు గుచ్చి తీసుకుపోవడం నాకు గుర్తుంది. ఏమొచ్చిందో నువ్వు చెప్పలేదు. ఏమొచ్చింది?

శైలజ


మహబూబ్‌నగర్,
9 సెప్టెంబర్ 2022.

శైలూ,

నాలుగు రోజుల నుంచి రాసి చింపేస్తున్నాను. ఇక చింపను.

పురుగు దొరకలేదు.

2016లో హన్సిక పుట్టిన మూడో వారం నీ కాలు వాచింది. నేను అప్పుడు మీ ఊళ్ళోనే సబ్‌సెంటర్‌లో ఉన్నాను. రక్తం తీసి పంపాను. పది రోజులకు కాగితం వచ్చింది, ఏమీ లేదని. సూపర్‌వైజర్‌కు చూపించాను. "పాత కేసులల్ల పురుగు దొరకదమ్మా. కాలు కండ్లకు కనిపిస్తలేదా? రాసెయ్" అన్నాడు. ఆయన చెప్పింది పూర్తిగా తప్పు కాదు, పాత బోదకాలు రోగుల్లో చాలామందికి పరీక్షలో ఏమీ రాదు. కానీ నీది పాత కేసు కాదు. మూడు వారాల వాపు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ రాశాను.

నీకు ఎందుకు చెప్పలేదో చెబుతాను. చెబితే "మరి ఏమైంది నాకు?" అని అడిగేదానివి. నా దగ్గర జవాబు లేదు. మన ఇంట్లో పదో తరగతి దాటిన మొదటిదాన్ని నేను. బాపు బీరన్న బిడ్డ సిస్టరమ్మ అయిందని ఊరంతా చెప్పుకున్నారు. మీరందరూ ఏ రోగం వచ్చినా నా ముఖమే చూసేవాళ్ళు. నాకు తెలియదు, నల్గొండ పోదాం పద అని ఆ రోజు ఒక్క మాట నోరు తెరిచి అనలేకపోయాను. బోదకాలు అన్నాను. అందరూ నమ్మారు. కొన్నాళ్ళకు నేనూ నమ్మాను.

గర్భసంచి విషయంలో కూడా అంతే. నిన్ను చూడకుండా, ఆ స్కానింగ్ కాగితం చూడకుండా, కుర్చీలో కూర్చుని తీయించుకో అని రాశాను. మంచం దిగకు అని కూడా రాశాను. ఆ మాటే నిన్ను చంపబోయింది.

నన్ను ఏమైనా అను. అనకుండా మాత్రం ఉండకు.

నాగరాణి


కేతేపల్లి,
25 సెప్టెంబర్ 2022.

నాగరాణి అక్కకు,

అనమన్నావు కాబట్టి అంటున్నాను. తర్వాత ఇంక రాయను.

నాకు ఇంకో పిల్ల కావాలని ఉండేది. ఆయనకు చెప్పలేదు, అత్తకు చెప్పలేదు. నొప్పి తగ్గితే కందామనుకున్నాను. తీయించుకోమంటావా అని నీకు రాసినప్పుడు, వద్దు అంటావేమోనని ఎదురుచూశాను. ఉత్తరం వచ్చిన రోజు దొడ్డి వెనక్కి పోయి విప్పాను. ఒక్కతి చాలు అని రాశావు. నాకు తెలియనిది అక్కకు తెలుసు కదా అనుకుని మడిచి పెట్టేశాను.

బోదకాలు పిల్ల అని ఈ వాడలో ఆరేళ్ళు అనిపించుకున్నాను. పండుగకు తోటికోడలు నా పక్కన కూర్చుని తినలేదు. అంటుకోదని ఎంత చెప్పినా వినలేదు. అది కూడా భరించాను. జబ్బు వచ్చింది, ఎవరేం చేస్తారు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది, ఆ పేరు జబ్బు పెట్టలేదు, నువ్వు పెట్టావు.

హన్సిక నీ గురించి అడిగితే బాగుందని చెబుతాను. నువ్వు ఫోన్ చేయకు.

శైలజ


మహబూబ్‌నగర్,
21 నవంబర్ 2022.

శైలూ,

రాయొద్దన్నావు. ఇది నా కోసం రాయడం లేదు.

పోయిన వారం మూడు రోజులు సెలవు పెట్టి మీ మండలానికే వచ్చాను. మీ ఇంటికి రాలేదు. నేను పనిచేసిన సబ్‌సెంటర్‌కు పోయి, నా కాలంలో రాసిన బోదకాలు జాబితా తీయించి చూశాను. అందులో చాలామంది నిజంగా బోదకాలు వాళ్ళే. పాదాలు మందంగా, గరుకుగా, ఏటా చలిజ్వరంతో పోటు వచ్చేవాళ్ళు. కానీ ముగ్గురి పేర్ల ఎదురుగా నా చేతిరాతతోనే "ఎడమకాలు మాత్రమే" అని ఉంది. ముగ్గురూ చిన్న వయసు ఆడవాళ్ళు. ముగ్గురికీ రక్తంలో ఏమీ దొరకలేదు. ఒకటి నీ పేరు.

రెండోది రూప. 2018లో కాన్పు అయిన కొద్ది రోజులకే చనిపోయింది. గుండె ఆగి అని రాసి ఉంది.

మూడోది సుహాసిని. మీ ఊరికి అవతలి గూడెంలో ఉంటుంది. ఇప్పుడు ఐదో నెల.

ఆ పిల్ల ఇంటికి పోయాను. వాళ్ళత్త పుష్పమ్మ గుమ్మంలోనే ఆపింది. "నువ్వే గదమ్మ బోదకాలన్నది? ఇప్పుడు కాదంటవా? నీ మాట ఏది నమ్మాలె? కడుపుతోటున్న పిల్లను పరేషాన్ చెయ్యకు" అంది. తలుపు వేసింది. ఇప్పటి ఏఎన్ఎంకు చెప్పాను, ఆమె అడిగినా వాళ్ళు కదలలేదు.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. నా నోటి మాట ఆ గడప దాటదు. నీ కాలు దాటుతుంది. నువ్వు పోతావా? నా కోసం కాదు.

నాగరాణి


కేతేపల్లి,
6 డిసెంబర్ 2022.

నాగరాణి అక్కకు,

పోయాను.

మొదట పుష్పమ్మ నన్ను కూడా లోపలికి రానీయలేదు. "మీ అక్క తోలిందా?" అంది.

"మా అక్కతోటి నాకు మాటల్లేవు. నా అంతట నేనే వచ్చిన" అన్నాను. ఆ గుమ్మంలోనే చీర పైకి పట్టుకుని మేజోడు విప్పాను. తొడ మీద నీలినరాలు, మోకాలి వెనక మచ్చ, పొట్ట మీద గర్భసంచి తీసిన కోత, అన్నీ చూపించాను. ఆమె కొడుకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నాకు సిగ్గు అనిపించలేదు. "నాగ్గూడ గిదే రాసిన్రు. ఎడమకాలే, కాన్పైనంకనే. పైప్రాణం పైననే పోయేది. మీ కోడల్ని ఒక్కపూట నల్గొండ తోల్కపోత. ఏం లేదంటే తిట్టుండ్రి, పడ్త" అన్నాను.

పుష్పమ్మ గుమ్మంలో అడ్డంగానే నిలబడింది. సుహాసినే లోపలి నుంచి చెప్పులు వేసుకుని వచ్చింది. "నేను పోత అత్తమ్మ. నాకు మూడు దినాల సంది పిక్క నొస్తాంది" అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఆటోలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నొప్పి ఎప్పుడు వస్తుందో, ఎట్లా పడుకుంటే తగ్గుతుందో చెబుతుంటే నా మాటలు నేనే వింటున్నట్టుంది.

చిన్న డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. స్కానింగ్ చేస్తే పిక్క నుంచి గజ్జల వరకు గడ్డ మొదలైంది. ఇంకా పైకి పోలేదు. కడుపుతో ఉంది కాబట్టి నాకు తీసినట్టు లోపలి నరాల స్కాన్ ఇప్పుడు తీయరట, నాకిచ్చే మాత్రలు కూడా పడవట, బిడ్డకు మంచిది కాదట. రోజుకు రెండుసార్లు పొట్ట చర్మానికి సూది. కాన్పు దాకా, ఆ తర్వాత కూడా నెలన్నర. వాడుకునే పద్ధతి నర్సు నాకు కూడా నేర్పింది. ఇంట్లో వాళ్ళు సూది వేయడానికి జంకుతున్నారని పొద్దున, సాయంత్రం నేనే పోయి వేసి వస్తున్నాను.

అడగకముందే చెబుతున్నాను, నిన్ను మాఫ్ చేసి పోలేదు.

నువ్వు రూప సంగతి నాకు రాశావు. వాళ్ళమ్మ ఇంకా ఉంది కదా. ఆమెకు చెప్పావా?

శైలజ


మహబూబ్‌నగర్,
27 ఫిబ్రవరి 2023.

శైలూ,

నీ ప్రశ్నకు జవాబు రాయడానికి రెండు నెలలు పైనే పట్టింది. రెండుసార్లు కేతేపల్లి దాకా వచ్చి వెనక్కి తిరిగాను. నిన్న పోయాను.

రూప తల్లి గోపమ్మ చింతపండు గింజలు తీస్తోంది. పక్కన రూప కూతురు, నాలుగేళ్ళది, గింజలు కుప్ప పెట్టి ఆడుకుంటోంది. నన్ను చూసి "సిస్టరమ్మ వచ్చింది" అని పీట వేసింది. నీళ్ళు ఇచ్చింది. ఆ నీళ్ళు తాగి చెప్పడం మొదలుపెట్టాను.

రూపకు బోదకాలు కాదని చెప్పాను. కాలి నరంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు పోయి ప్రాణం పోయి ఉంటుందని చెప్పాను. ఆ రోజు కాలు చూసి కూడా బోదకాలని రాసింది నేనేనని, నల్గొండకు పంపి ఉంటే బతికేదేమోనని చెప్పాను. తిడుతుందనుకున్నాను. చెప్పుతో కొట్టినా ఉంటాననుకుని పోయాను.

ఆమె గింజ తీయడం ఆపింది. తర్వాత అడిగింది.

"కాలు గుంజుతాందమ్మా అని ఏడ్చేది బిడ్డ. ఆముదం వేడిజేసి పొద్దుమాపు పిసికిన. కాన్పైన పదకొండో దినం పొద్దుగాల గూడ పిసికిన. 'ఇంక జర గట్టిగ పిసుకే అమ్మ, హాయిగుంది' అన్నది. పిసుకుడు అయినంక స్నానానికని లేచి, గడపల్నే పడ్డది. పిసికినందుకేమన్న అయిందా బిడ్డ?"

శైలూ, గడ్డ ఉన్న కాలును పిసకకూడదు. పిసికితే గడ్డ కదిలి పైకి పోతుంది. ఇప్పుడు నాకు తెలుసు. ఆ పదకొండు రోజుల్లో నేను మూడుసార్లు వాళ్ళింటికి పోయాను. ఆముదం గిన్నె చూశాను. మంచిగ చెయ్యవ్వా అని నేనే అన్నాను.

ఆమె నా కళ్ళలోకి చూస్తోంది. "కాదు" అన్నాను. "నువ్వు పిసికినందుకు కాదు. ముందు రోజే పైకి పోయి ఉంటది. నువ్వేం జేసినా ఆగేది కాదు" అన్నాను.

అప్పుడు ఏడ్చింది. "నాలుగేండ్ల సంది గీ పొల్లకు నా చేతులతోటి నూనె రాయలేదు. పక్కింటామెతోటి రాయించిన. నా చేతుల ఏమున్నదో అని" అంది. పాపను దగ్గరికి లాక్కుని, చింతపండు జిగట చేతులతోనే దాని తల నిమిరింది. నేను లేచి వచ్చేశాను.

నిజం చెప్పడానికే పోయాను. నా తప్పు ఒప్పుకున్నాను, ఆమె అడిగిన ఒక్కదానికి మాత్రం అబద్ధం చెప్పాను. నీ దగ్గర దాచిపెట్టి చేసిన పనే మళ్ళీ చేశానా? బస్సులో దారి పొడుగునా ఇదే ఆలోచన. నువ్వు చెప్పు.

నాగరాణి


కేతేపల్లి,
2 ఏప్రిల్ 2023.

అక్కా,

నీ ఉత్తరం ఆయనకు కూడా చదివి వినిపించాను. ఆయన విని, "చెప్పి ఏం జేస్తరు, ఆ ముసలామెను గూడ చంపుతరా" అన్నాడు. నేను అంత తొందరగా తేల్చలేకపోయాను. అందుకే ఇన్ని రోజులు పట్టింది.

నాకు మాత్రం నిజమే చెప్పాల్సింది. 2016లోనే, ఆ కాగితం వచ్చిన రోజే. తెలిసి ఉంటే నేను ఎక్కడికో ఒకచోటికి పోయేదాన్ని, నాకింకా దారి ఉండేది. గోపమ్మకు ఏ దారీ లేదు. నువ్వు చెప్పింది అబద్ధమే. దాన్ని అట్లాగే ఉండనీ. నీ మనసు తేలిక చేసుకోవడానికి ఎప్పుడో ఒకరోజు పోయి ఆమెకు మళ్ళీ చెప్పకు. ఆ బరువు నువ్వే మొయ్యి. నీతోపాటు ఇప్పుడు నేను కూడా మోస్తున్నాను.

నీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. పొద్దున మేజోడు ఎక్కించుకునేటప్పుడు రోజూ వస్తుంది. మధ్యాహ్నానికి పనిలో పడి మరచిపోతాను. మునుపు రోజంతా ఉండేది.

సుహాసినికి మార్చి ఇరవై ఒకటిన కాన్పు అయింది. ఆడపిల్ల. సూదులు ఇంకా వేస్తున్నాను. నెలన్నర గడిచాక లోపలి నరాల స్కాన్ తీస్తామన్నారు. నాలాగే నలిగి ఉంటుందని చిన్న డాక్టరమ్మ అనుమానం. పుష్పమ్మ ఆముదం గిన్నె తెస్తే నేనే తీసి అవతల పెట్టాను.

నిన్న పొద్దున సూది వేశాక ఇంటికి రాబుద్ధి కాలేదు. వాళ్ళ వాకిట్లో కూర్చున్నాను. పుష్పమ్మ రెండుసార్లు "ఏమైందమ్మ, ఇయ్యాల పనికి పోవా?" అంది. ఏమీ లేదన్నాను. కాన్పు అయి పదకొండో రోజు అని ఆమెకు చెప్పలేదు. పసిపిల్ల నిద్రపోయింది. నీళ్ళు కాగాయి. సుహాసిని మంచం దిగి, గడప దాటి, నా పక్క నుంచే స్నానాల గది దాకా నడుచుకుంటూ పోయింది. లోపల చెంబు చప్పుడు వినిపిస్తుంటే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తల తుడుచుకుంటూ బయటికి వచ్చి, "నువ్వింక పోలేదా శైలజక్క?" అంది.

అప్పుడు లేచి ఇంటికి వచ్చాను.

శైలజ